పోయిందనుకున్న లిథియం

ఉదయగిరి కొండ కింద ఇళ్ళలో ఆడపిల్ల డిగ్రీ దాటి చదివిందంటే ఊరు రెండు చేతులా ఇస్తుంది. ఒక చేత్తో మెచ్చుకోలు, రెండో చేత్తో ఎత్తిపొడుపు. సుకుమారికి రెండో చేతిదే ఎక్కువ ముట్టింది. ముప్పై దగ్గర పడుతున్నా పెళ్ళి మాట ఎత్తదనీ, ఏదో తెల్లపొడి కాల్చుకుంటూ కూర్చుంటుందనీ చర్చి మెట్ల మీద ఆడవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. కన్నతల్లి రూబమ్మకు లేని బెంగ వాళ్ళకెందుకో! కందకు లేని దురద కత్తిపీటకని ఊరికే అన్నారా?

రూబమ్మ వరికుంటపాడు బడిలో పంతులమ్మ. మొగుడు తొందరగా పోయాడు. బస్సు దొరికితే బస్సు, దొరక్కపోతే ఎవరి బండో ఎక్కి బడికి పోయి వస్తూ ఇద్దరు పిల్లల్ని ఒక దారిలో పెట్టింది. పెద్దది సుకుమారి ఆత్మకూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పేది. వేసవి సెలవులివ్వగానే పెట్టె సర్దుకుని తిరుపతి పోయేది. అక్కడ యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరింది. చిన్నవాడు జయపాల్‌కు చదువు అబ్బలేదు కానీ చేతిలో పనితనం ఉంది. అడవి కర్ర తెచ్చి, బాడిసతో చెక్కి, ఆకురాయితో నునుపు చేసి గరిటెలూ చెంచాలూ చేసేవాడు. కాడ మీద ద్రాక్షతీగ చెక్కాడంటే ఆకు ఈనెలతో సహా కనిపించేది.

అట్లాంటివాడికి ఇరవయ్యేళ్ళు నిండగానే జబ్బు చేసింది. నిద్రపోడు, మాట ఆపడు. పనిముట్లన్నీ దారినపోయేవాళ్ళకు పంచిపెట్టి, ఉదయగిరి కొండను నున్నగా చిత్రిక పట్టిస్తానని బయలుదేరాడు. సీతారామపురం దారిలో ఎవరో పట్టుకుని తెచ్చారు. ఆ ఊపు తగ్గాక గోడవైపు తిరిగి పడుకుని నెలల తరబడి లేవలేదు. చర్చిలో నూనె రాసి ప్రార్థన చేశారు. ఇరుగుపొరుగు చెబితే ఏఎస్ పేట దర్గాకూ తీసుకుపోయారు. మునిగేవాడికి గడ్డిపోచైనా ఆసరాయే గదా. చివరికి నెల్లూరులో ఒక డాక్టరు లిథియం మాత్రలు రాసిచ్చాడు. కొన్ని వారాలకు జయపాల్ పెరట్లో కూర్చుని మళ్ళీ బాడిస అందుకున్నాడు. ఆ చప్పుడు విని రూబమ్మ వంటింట్లో మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చింది.

చీటీ రాసిచ్చిన రోజు డాక్టరు ఒక్క పూట కూడా మాత్ర మానొద్దని గట్టిగా చెప్పాడు. ఎండాకాలం జాగ్రత్త, ఒంట్లో నీళ్ళూ ఉప్పూ తగ్గనివ్వొద్దు, అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించండి అని మామూలుగా చెప్పాడు. గట్టిగా చెప్పింది ఇంట్లో నిలిచిపోయింది. మామూలుగా చెప్పింది బస్సులోనే జారిపోయింది. రక్తంలో లిథియం ఎంతుందో చూడాలంటే మద్రాసు పోవాలి. మొదట్లో పోయారు. తర్వాత, వాడు బాగానే ఉన్నాడు గదా అని మానేశారు. ఒకసారి మాత్రలు ఆపేసి జయపాల్ మళ్ళీ రోడ్డున పడ్డాక సుకుమారి ఇంట్లో శాసనం చేసింది. అన్నం మానినా మానొచ్చు, మాత్ర మాత్రం మానకూడదు.

ఇక తిరుపతిలో ఆమె పని. దాని పేరు చెబితే నోరు తిరగదు. లిథియం, లాంథనం, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఒక స్ఫటికం అది. ఆ కట్టడాన్ని పెరోవ్‌స్కైటు అంటారు. చూడ్డానికి పింగాణీ బిళ్ళ. కానీ దానిలో లిథియం అయాన్లు, గట్టి రాయిలో ఎలా సాధ్యమబ్బా అనిపించేంత చురుగ్గా ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకుతూ పోతాయి. జపానులో ఈ సంగతి బయటపెట్టి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. ద్రవం లేని బ్యాటరీ చేయొచ్చని ఆశ. గైడు ఆ పని ఒప్పజెప్పిన రోజు బల్ల మీద లిథియం కార్బొనేటు సీసా చూసి సుకుమారికి నవ్వాగలేదు.

"ఇది మా ఇంట్లో గూట్లో ఉండేదే సార్" అంది.

ఆ మాట ఇంటికొచ్చి చెబితే జయపాల్ పగలబడి నవ్వాడు. "అయితే నువ్వు కాల్చేదీ నేను మింగేదీ ఒకటేనా అక్కా! నాక్కూడా ఇస్తారా పీహెచ్‌డీ?" అన్నాడు. ఆ తర్వాత ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, అసలు నువ్వు చేసేదేందో చెప్పమని పట్టుబట్టాడు. సుకుమారి పెరట్లో బొగ్గుముక్కతో పులిజూదం గీసింది.

"ఈ చోట్లన్నీ గదులనుకో. గోడలు టైటానియం, ఆక్సిజన్‌వి. లాంథనం లావుపాటోడు, ఒక గదిలో కూచున్నాడంటే లెయ్యడు. లిథియం మేకపిల్ల. గదికీ గదికీ మధ్య నాలుగు ఆక్సిజన్లు పట్టుకున్న కిటికీ ఉండాది. మేకపిల్ల దాంట్లో దూరి పోతాది."

"పక్క గదిలో ఇంకోటి ఉంటే?"

"పోలేదు. అందుకే కొన్ని గదులు ఖాళీగా ఉండాల. మూడు లిథియాలు కూచోవాల్సిన చోట ఒక లాంథనం కూచుంటే రెండు గదులు ఖాళీ అవతాయి."

"అన్నీ నిండితే ఆట ఆగిపోతాది. ఇది తెలీడానికి తిరుపతి దాకా పోవాల్నా అక్కా?" అని జయపాల్ రాళ్ళు సర్దుకుని ఆటకు కూర్చున్నాడు. ఆ పూట అక్కను మూడుసార్లు ఓడించి గానీ లేవలేదు. తమ్ముడి తల నిమురుతూ ఆమె పొందిన సంతోషం ఏ పట్టాలోనూ దొరకదు.

చెప్పినంత తేలిక కాదు చేయడం. పొడులు తూచి, కల్వంలో నూరి, బిళ్ళలు నొక్కి పదమూడు వందల డిగ్రీల ఫర్నేసులో కాల్చాలి. అంత వేడికి లిథియం నిలవదు. మూత పెట్టినా, చుట్టూ అదే పొడి కప్పినా, ఏదో సందు చూసుకుని ఆవిరైపోతుంది. లిథియం తగ్గితే స్ఫటికం వేరేగా తయారవుతుంది, అనుకున్న గదులు అనుకున్నట్టు రావు. సుకుమారి బిళ్ళలు అట్లా ఎన్ని పాడయ్యాయో. ఆమె ఏడుపు మొహం చూడలేక గైడు ఒకనాడు దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. "పోయేది పోతుందమ్మా, ఆపలేవు. పోయేదాన్ని లెక్కేసుకుని ముందే కాస్త ఎక్కువ వెయ్యి" అన్నాడు. అప్పట్నుంచి ఆమె చేతికి అదే అలవాటైంది. వేడి తగిలిందా, లిథియం పోయినట్టే. పోయిందా, ఇంకాస్త వెయ్యి.

తొంభై ఏడు వేసవి వచ్చింది. గైడు జూన్‌లో రిటైరవుతున్నాడు. సుకుమారి గడువు అప్పటికే పొడిగించిన గడువు, ఇక పొడిగించరు. రోళ్ళు పగిలే ఎండలు, పూటపూటా కరెంటు కోత. ఫర్నేసు సగం వేడెక్కేసరికి కరెంటు పోతే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరు. డిపార్టుమెంటులో అందరూ ఆ ఒక్క ఫర్నేసు కోసం వంతులేసుకున్నారు. సుకుమారి వంతు వచ్చిన వారంలోనే ఉదయగిరి చర్చిలో ఉపవాస కూటములు మొదలయ్యాయి.

డిపార్టుమెంటు అటెండరు మాలకొండయ్య వచ్చి, "అమ్మా, ఊరి నుంచి ఫోను" అని పిలిచాడు. అవతల రూబమ్మ ఎస్టీడీ బూతులో నిలబడి అరుస్తోంది.

"జయపాలు కూడా ఉపవాసం కూచుంటానంటా ఉండాడు. ఈ మాత్రలు లేకుండా బతికేదానికి నా నోటితోనే దేవుణ్ణి అడగతా అంటా ఉండాడు. ఏం చేసేది?"

సుకుమారి మనసు ఫర్నేసు మీదుంది. పైగా వాడు తనంతట తాను ఒకటి కోరుకుని ఎన్నాళ్ళయిందని లోలోపల ముచ్చటపడింది కూడా. "కూచోనీ అమ్మా. మాత్ర మాత్రం మాన్పించబాక" అని చెప్పి పెట్టేసింది.

కూటములు చర్చి పక్కన రేకుల పందిట్లో. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని పట్టుదల కొందరిది. జయపాల్ వాళ్ళతో చేరాడు. రూబమ్మ పొద్దునా సాయంత్రం గుక్కెడు నీళ్ళతో మాత్ర వేయించింది. మాట తప్పే మనిషి కాదని ఆమెకు పేరు, కూతురి మాటైనా దేవుడి మాటైనా.

మూడో రోజు రెండో ఫోను వచ్చేసరికి సుకుమారి ఫర్నేసు పక్కనే ఉంది. లోపల బిళ్ళలు ఎర్రగా కాగుతున్నాయి, కరెంటు ఇంకా పోలేదు, అదే పదివేలు.

"సుకుమారీ, వాడికి వాంతులవతా ఉండాయి. మాత్ర మింగినాక కక్కేసినాడు. చెయ్యి కూడా వణకతా ఉండాది."

"చెయ్యి వణికేది ఆ మందుకు మామూలేనమ్మా. వాంతి ఎప్పుడయింది?"

"మింగినాక కొంచేపటికే."

"అయితే దాంతోపాటు మాత్ర పోయుంటాది. ఇంకోటి వెయ్యి."

"ఇంకోటా?"

"పోయినదానికి బదులు వెయ్యాల గదమ్మా. లేకపోతే తగ్గిపోతాది. మళ్ళా కక్కినా అట్టే చెయ్యి. ఎండ తగ్గితే సర్దుకుంటాడు."

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుంది. వేసవి తర్వాత వేసవి ఫర్నేసు ముందు కూర్చున్న మనిషికి ఎదురుగా ఉన్నదంతా ఫర్నేసే. ఎండ అంటే వేడి, వేడి అంటే లిథియం పోవడం. ఆ లెక్క ఆమె నాలుక చివరే ఉంది, అడగ్గానే వచ్చింది. ఎక్స్‌రే గ్రాఫులో ఒక్కో పీకుకూ ఎందుకని గైడు ప్రాణం తీసే సుకుమారి ఆ ఒక్కసారి ఎందుకని తనను తాను అడగలేదు. ఫోను పెట్టేసి వచ్చి ఫర్నేసు వేడి ఎంతుందో చూసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మూడో ఫోను ఆత్మకూరు ఆస్పత్రి నుంచి వచ్చింది. చేసింది పాస్టరు సైమన్ అయ్యగారు. "అమ్మా, నువ్వు వెంటనే నెల్లూరు రావాల. పిల్లోడికి స్మారకం లేదు. నాలుక మడతపడి, కాళ్ళు చేతులు కొట్టుకుంటా ఉండాయి. ఇక్కడ సెలైను పెట్టి నెల్లూరు పంపిస్తా ఉండారు. జీపులో మేం తీసుకపోతా ఉండాం" అన్నాడు. సుకుమారి ఫర్నేసును స్నేహితురాలు మధులతకు అప్పగించి, చెప్పులు వేసుకోవడం కూడా మరచి బస్టాండుకు పరిగెత్తింది.

నెల్లూరులో డాక్టరు ఆమెను గదిలోకి పిలిచాడు. మంచాయనే, గొంతు పెంచలేదు. "ఇన్ని రోజులు తిండీ నీళ్ళూ లేకుండా ఉండి, వాంతులవుతున్నా మాత్రలు ఆపలేదా? పైగా రెండేసి ఇచ్చారని మీ పాస్టరు చెబుతున్నాడు. ఎవరు చెప్పారమ్మా?"

"నేనే సార్."

"వాంతితో పోతుందనుకున్నారా?"

"ఎండకు, వాంతులకు పోతుందనుకున్నాను."

డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "పొయ్యేది నీళ్ళు, ఉప్పు. లిథియం పోదు. ఒంట్లో ఉప్పు తగ్గితే కిడ్నీ ఉన్న ఉప్పునంతా గట్టిగా పట్టుకుంటుంది. దానికి సోడియం ఏదో లిథియం ఏదో తేడా తెలీదు. రెండూ ఒక కుటుంబం గదా. సోడియంతో పాటు లిథియాన్నీ వెనక్కి లాక్కుంటుంది. పోలేదమ్మా, పేరుకుంది. మీరు ఇంకా వేశారు."

సోడియం, లిథియం ఒకే నిలువు వరసలో ఉంటాయని ఆత్మకూరు కాలేజీలో ఏటా మొదటి నెలలోనే బోర్డు మీద రాసేది సుకుమారి. బయట వరండాలో చాప మీద తల్లి కొంగు కప్పుకుని ప్రార్థన చేస్తోంది. ఆ మనిషి దగ్గరికి పోయి ఏమని చెప్పాలి? మెట్ల కింద చీపుళ్ళూ బక్కెట్లూ పెట్టే సందులో దూరి, నోట్లో పైట కుక్కుకుని ఏడ్చింది. ప్రభువా, నా ప్రాణం తీసుకో, వాడిది వద్దు అని అడిగింది. అట్లా మార్చుకునే బేరం ఎవరికీ కుదరదని ఆమెకు తెలుసు, అయినా అడిగింది.

జయపాల్ బతికాడు. సెలైన్ల మీద సెలైన్లు ఎక్కి, లోపలిది కొంచెం కొంచెంగా దిగి, ఒక ఉదయం కళ్ళు తెరిచాడు. కానీ తెరిచినవాడు పాత జయపాల్ కాదు. మాట ముద్దగా వస్తోంది. నిలబెడితే తూలుతున్నాడు. గ్లాసు అందుకోబోతే చెయ్యి గ్లాసు దగ్గరికి చేరే లోపల పదిచోట్లకు పోతోంది. చిన్నమెదడుకు దెబ్బ తగిలిందనీ, కొంత తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చనీ డాక్టరు చెప్పాడు. లిథియం ఇక జన్మలో ముట్టించొద్దన్నాడు. ఆ జబ్బును పట్టి ఉంచిన పగ్గం అదొక్కటే. బదులు ఇంకో మాత్ర రాశాడు. అది పనిచేస్తుందో లేదో చూద్దాం అన్నాడు.

వార్డులో ఉండగానే మధులత తిరుపతి నుంచి వచ్చింది. పళ్ళతో పాటు ఒక చిన్న డబ్బా తెచ్చింది. దాంట్లో దూది మధ్య తెల్లటి బిళ్ళ. అమాయకురాలు, స్నేహితురాలికి ఊరట కలుగుతుందనుకుంది.

"నీ శాంపిల్ ఎంత బాగొచ్చిందో చూడవే! నేనే కొలిచాను. నువ్వు ఎక్కువేసింది వేసినట్టే పోయింది, సరిగ్గా ఉండాల్సినంత మిగిలింది. స్ఫటికపు గింజల లోపల లిథియం కదలిక జపాను వాళ్ళ దానితో సమానంగా ఉంది. గింజకీ గింజకీ మధ్య గట్ల దగ్గరే ఆగుతోంది, అది అందరికీ ఉన్నదే. సార్ ఎంత సంతోషించారో!"

సుకుమారి ఆ బిళ్ళను ఒకసారి చూసి డబ్బా మూసింది. కుళాయి దగ్గరికి పోయి కడుపులో ఉన్నదంతా కక్కుకుంది. మధులత వీపు రాస్తూ, నిద్ర లేక పైత్యం చేసిందే అని ఓదార్చింది.

ఇంటికొచ్చారు. జయపాల్‌ను పెరటి వసారాలో మంచం మీద కూర్చోబెట్టారు. ఒకనాడు అతను సగం చెక్కిన గరిటె అందుకుని ఆకురాయి ఆనించాడు. ఆకురాయి కర్రను వదిలి బొటనవేలు చీరింది. గరిటెను మంచం కిందికి తోసి అటు తిరిగి పడుకున్నాడు. వంటింటి గడపలోంచి అది చూసిన రూబమ్మ కూతుర్ని లోపలికి లాక్కుపోయింది.

"ఇదంతా నా వల్లే" అంది. "పందిట్లో వాడు ఓర్చుకోలేక నా మొహం చూస్తా ఉంటే కడుపు తరుక్కపోయింది. ఎవురూ చూడకుండా చెంబెడు ఉప్పేసిన మజ్జిగ తాపినాను. వాడి ఉపవాసం చెడనియ్యనని దేవుడికి మాటిచ్చి తప్పినాను. అందుకే కొట్టినాడు వాణ్ణి. నన్ను కొట్టొచ్చు గదా!"

తల్లి గుండెలు బాదుకుంటుంటే సుకుమారి ఆ చేతులు పట్టుకుంది. ఊరుకోవచ్చు. ఊరుకుంటే తను బతికిపోతుంది. కానీ ఈ ముసలి ప్రాణం మిగిలిన రోజులన్నీ ఆ చెంబెడు మజ్జిగను తలుచుకుని కుళ్ళిపోతుంది.

"అమ్మా, ఆ ఉప్పూ నీళ్ళే వాణ్ణి ఆస్పత్రి దాకా నిలబెట్టినాయి. నువ్వు తాపకపోతే పోయుండేవాడు. వాణ్ణి ఇట్ట చేసింది ఆ రెండో మాత్ర. నేను వెయ్యమన్నదే. పోతా ఉండాదనుకున్నా, పోలేదు. ఒంట్లోనే పేరుకుంది. దేవుడు కాదు, నువ్వు కాదు. నేనమ్మా."

రూబమ్మ ఏడుపు ఆగిపోయింది. కొడుతుందనుకుంది సుకుమారి. కొట్టినా బాగుండేది. రూబమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, వసారా వైపు ఒకసారి తొంగిచూసి, గొంతు తగ్గించింది.

"వాడికి చెప్పబాక" అంది. "నేనిచ్చేటప్పుడు అక్క చెప్పిందిరా అంటేనే నోరు తెరిచేవాడు. ఆ రోజు రెండోది కూడా అట్ట చెప్పే వేసినాను. నీ మీద నమ్మకం పోతే వాడు ఇంక ఏ మాత్రా మింగడు. మింగకపోతే మళ్ళా రోడ్డున పడతాడు. నీ లోపల్నే పెట్టుకో. సచ్చేదాకా పెట్టుకో."

పెట్టె మీద కొత్త మాత్రల అట్ట ఉంది. రూబమ్మ ఒక మాత్ర తీసి, గ్లాసులో నీళ్ళు పోసి, రెండూ కూతురి చేతికిచ్చి, పో అన్నట్టు తల ఊపింది. సుకుమారి వసారాలోకి వచ్చి మంచం పక్కన కూర్చుంది. జయపాల్ ఇటు తిరిగాడు. మాత్ర అందుకోబోయాడు కానీ చెయ్యి నిలవక అది జారి దుప్పటి మీద పడింది. అప్పుడు నోరు తెరిచాడు. ఆమె మాత్ర నాలుక మీద పెట్టి, తల వెనక చెయ్యి వేసి నీళ్ళు తాపింది. అతను కష్టపడి మింగాడు. మూతి తుడుస్తుంటే అక్క కళ్ళలోకి చూస్తూ, ఒక్కో మాటా కూడబలుక్కుని అడిగాడు.

"ఒకటి చాలా అక్కా? ఇంకోటి వెయ్యమంటే కూడా మింగతా."